ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కడికి పోయింది?
(పర్యావరణ శాస్త్రం పేపరుకు చదివే పద్ధతి)



పరీక్షా ఫలితాలు వచ్చిన వారంలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అబ్బాయి, తండ్రితో కలిసి గురుమందిరానికి వచ్చాడు. కెమిస్ట్రీ పాసయ్యాడు, ఇంగ్లీషు పాసయ్యాడు. అందరూ సులువనుకునే పర్యావరణ శాస్త్రంలో తప్పాడు. "రాత్రంతా కూర్చుని గైడు మొత్తం బట్టీపట్టానండి ఫాదర్‌గారూ, ప్రశ్న తిప్పి అడిగారు" అన్నాడు.

తండ్రి వచ్చిన పని మాత్రం వేరు. ఆయన కౌలుకు తీసుకున్న చెరువులో రెండు రోజుల క్రితం తెల్లవారేసరికి చేపలు చచ్చి తేలాయి. పక్క చెరువు ఆయన తమ్ముడిది, పినతండ్రి కొడుకుది. గట్టు విషయంలో ఇద్దరికీ పాత తగాదా ఉంది. రాత్రికి రాత్రి మందు కలిపాడని ఈయన అనుమానం. స్టేషనులో ఫిర్యాదు ఇమ్మంటారా, వద్దంటారా అని నన్ను అడగడానికి వచ్చాడు.

నేను అబ్బాయి వైపు తిరిగి, "యూట్రోఫికేషన్ అంటే ఏమిటి నాయనా?" అని అడిగాను. నీటిలో పోషకాలు అధికమై నాచు విపరీతంగా పెరిగి ప్రాణవాయువు తగ్గిపోవడం అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "మీ చెరువు నీళ్లు ఏ రంగులో ఉన్నాయి?" "పచ్చగా, చిక్కగా ఉన్నాయండి." "ఆ రాత్రి గాలి ఆడిందా?" "లేదండి. రెండు రోజులుగా మబ్బు, ఒకటే ఉక్క." "ముందు చచ్చినవి పెద్దవా, చిన్నవా?" "పెద్ద బొచ్చెలండి, ఆ తర్వాత శీలావతులు. చిన్న పిల్లలు కొన్ని బతికే ఉన్నాయి."

ఆ మాట చెప్పి అబ్బాయి ఆగిపోయాడు. తండ్రి ముఖం చూశాడు. తను బట్టీపట్టిన వాక్యం తన ఇంటి చెరువు గురించినదేనని అప్పుడు తెలిసింది అతనికి.

ఈ వారం పాఠం ఆ అబ్బాయి కోసం రాసింది. మీ ఇళ్లలో కూడా ఈ పేపరు చదువుతున్న పిల్లలు ఉంటారు. వారితో కలిసి చదవండి.

ఈ పేపరు ఎలా వచ్చింది?

బి.ఏ. చదివేవాడికి, బి.కాం. చదివేవాడికి కూడా ఈ పేపరు ఎందుకని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. ఎం.సి. మెహతా అనే న్యాయవాది వేసిన కేసులో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, పర్యావరణాన్ని పాఠశాలల్లో, కళాశాలల్లో పాఠ్యాంశంగా బోధించాలని ఆదేశించింది. గాలి, నీరు అందరివీ కనుక, వాటి సంగతి ఒక్క సైన్సు విద్యార్థులకే వదిలిపెడితే సరిపోదని దాని సారాంశం. ఆ ఆదేశాల ఫలితంగా విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల ప్రణాళిక తయారుచేసింది. అందులో 8 యూనిట్లు, 50 తరగతులు. పర్యావరణ శాస్త్రం అంటే ఏమిటి, సహజ వనరులు, ఆవరణ వ్యవస్థలు, జీవవైవిధ్యం, కాలుష్యం, సామాజిక సమస్యలు, జనాభా అనేవి ఏడు. ఎనిమిదవది క్షేత్ర పరిశీలన. 100 మార్కులలో చిన్న ప్రశ్నలకు 25, వ్యాసాలకు 50, క్షేత్ర పరిశీలనకు 25 కేటాయించారు.

తర్వాతి సంవత్సరాలలో ప్రణాళికలో, మార్కులలో మార్పులు జరిగాయి. మీ కళాశాల ఇచ్చిన సిలబస్ కాగితమే మీకు ప్రమాణం. మొదటి ప్రణాళిక ఎముకలగూడు మాత్రం ఇది. మార్కులలో నాలుగో వంతు కాళ్లతో నడిచి, కళ్లతో చూసి రాయవలసినదానికి కేటాయించారని గమనించండి. నాలుగు గోడల మధ్య చదివితే చాలదని దాన్ని రూపొందించిన వారికి తెలుసు.

తెలియడం, కారణం తెలియడం

మేము పెద్ద సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజులలో అరిస్టాటిల్ పాఠం ఒకటి చెప్పేవారు. ఒక సంగతి ఉన్నదని తెలియడం వేరు, అది ఎందుకు అలా ఉన్నదో తెలియడం వేరు. ఆయన ఇచ్చిన ఉదాహరణ గ్రహణం. చంద్రుడికి గ్రహణం పట్టిందని ఆకాశం చూసిన ప్రతివాడికీ తెలుసు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య భూమి అడ్డు వచ్చింది కనుక పట్టిందని తెలిసినవాడికే శాస్త్రం తెలిసినట్లు.

గైడు బట్టీపట్టిన విద్యార్థి మొదటి మెట్టు మీద నిలబడిపోతాడు. ప్రశ్న తిప్పి అడిగితే పడిపోతాడు. రెండో మెట్టు ఎక్కడానికి ఈ శాస్త్రంలో రెండే రెండు ప్రశ్నలు చాలు. పుస్తకంలో ఏ పేరు కనబడినా, ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఇది ఎక్కడికి పోతుంది అని అడగండి. జవాబు వెదికేటప్పుడు రెండు సూత్రాలు గుర్తుంచుకోండి. పదార్థం తిరుగుతూ ఉంటుంది. శక్తి ఒక్క దారినే పోతుంది, తిరిగి రాదు. ఎనిమిది యూనిట్లలో సగానికి పైగా ఈ రెండు సూత్రాల విస్తరణే.

శక్తి తిరిగి రాదు

గడ్డిని మిడత తింటుంది, మిడతను కప్ప తింటుంది, కప్పను పాము తింటుంది. గడ్డిలో 10,000 కిలోజౌళ్ల శక్తి ఉందనుకుందాం. మిడతల శరీరంగా మారేది సుమారు 1,000. కప్పల శరీరంగా మారేది 100. పాముకు మిగిలేది 10. దీనినే పదిశాతం సూత్రం అంటారు. లిండేమన్ అనే శాస్త్రజ్ఞుడు 1942లో ప్రచురించిన పరిశోధన దీనికి ఆధారం. ప్రతి చోటా కచ్చితంగా పది శాతమే ఉండదు. లెక్కకు అనువైన సగటుగా దాన్ని తీసుకుంటాం.

మిగిలిన 90 శాతం ఎక్కడికి పోయింది? కొంత తినకుండా మిగిలిపోయింది. కొంత తిన్నా అరగక మలంగా పోయింది. చాలా భాగం ఆ జీవి కదలడానికి, శ్వాసించడానికి ఖర్చయి వేడిగా గాలిలో కలిసింది. ఆ వేడిని ఏ ఆకూ మళ్లీ పట్టుకుని ఆహారంగా మార్చలేదు. ఆకుకు కావలసింది సూర్యకాంతి. అందుకే శక్తి పిరమిడ్ ఎన్నటికీ తలకిందులు కాదు.

పరీక్షలో తరచుగా అడిగేది ఇక్కడే ఉంది. సంఖ్యా పిరమిడ్ తలకిందులు కావచ్చు. ఒక్క మర్రిచెట్టు మీద వేల పురుగులు బతుకుతాయి. సముద్రంలో జీవరాశి పిరమిడ్ కూడా తలకిందులు కావచ్చు. ఏ క్షణాన తూచినా నీటిలో తేలే సూక్ష్మమైన వృక్ష ప్లవకాల బరువు వాటిని తినే జీవుల బరువు కంటె తక్కువగా ఉండవచ్చు. తక్కువ మేతతో ఎక్కువ నోళ్లు ఎలా నిండుతాయి? కూరగాయల కొట్టు చూడండి. ఏ గంటలో చూసినా కొట్టులో ఉన్న సరుకు కొంచెమే. కాని ఉదయం నుంచి సాయంత్రం వరకు సరుకు వస్తూనే ఉంటుంది, అమ్ముడవుతూనే ఉంటుంది. రోజు మొత్తం అమ్మకం లెక్క వేస్తే పెద్ద మొత్తం. ప్లవకాలూ అంతే. త్వరగా పుడతాయి, త్వరగా తినబడతాయి. ఈ కారణం రాసిన విద్యార్థికీ, బొమ్మ మాత్రం గీసిన విద్యార్థికీ తేడా దిద్దేవారికి వెంటనే తెలుస్తుంది.

పదార్థం తిరుగుతుంది

నత్రజని సంగతి తీసుకోండి. మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజనే. అయినా వరి చేను గాలిలోని నత్రజనిని నేరుగా తీసుకోలేదు. ముందు అది నేలలో కలిసే రూపానికి మారాలి. కంది, పెసర, జీలుగ వేళ్ల బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా ఆ పని చేస్తుంది. మెరుపు కొంత చేస్తుంది. యూరియా కర్మాగారం పెద్ద ఎత్తున చేస్తుంది. మన పెద్దలు వరికి ముందు జీలుగ చల్లి దున్నించడానికి కారణం ఇదే. మొక్క నుంచి పశువుకు, పశువు పేడ నుంచి మళ్లీ నేలకు, నేలలోని మరో రకం బాక్టీరియా వల్ల తిరిగి గాలికి నత్రజని చేరుతుంది. చక్రం పూర్తయింది.

చక్రం బొమ్మలో బాణాలు ఎన్నో ఉంటాయి. వాటిని కంఠస్థం చేయవద్దు. ప్రతి బాణం దగ్గర వేలు పెట్టి, ఈ పని ఎవరు చేశారు అని అడగండి. పేరు చెప్పలేకపోతే ఆ బాణం మీకు రానట్లే.

ఇప్పుడు చెరువు గట్టుకు

ఈ రెండు సూత్రాలతో ఆ తండ్రీ కొడుకుల చెరువును చూద్దాం. తవుడు, చెక్క, కోళ్ల ఎరువు చెరువులోకి వచ్చాయి. చేపలు తిన్నంత తిన్నాయి. తిననిది, మలంగా పోయినది అడుగున చేరింది. అందులోని నత్రజని, భాస్వరం నీటిలో కరిగాయి. నాచుకు కావలసింది అదే. సూక్ష్మమైన నాచు పెరిగి నీరు పచ్చగా చిక్కబడింది.

పగలు ఈ నాచు చేపకు మిత్రుడు. ఎండలో కిరణజన్య సంయోగక్రియ జరిపి నీటిలోకి ప్రాణవాయువు వదులుతుంది. పొద్దు గూకాక ఆ పని ఆగిపోతుంది. శ్వాసక్రియ మాత్రం ఆగదు. నాచు శ్వాసిస్తుంది, చేపలు శ్వాసిస్తాయి, అడుగు బురదలో కుళ్లినదాన్ని తినే బాక్టీరియా శ్వాసిస్తుంది. జమ లేదు, ఖర్చే. అందుకే చెరువు నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటె తక్కువగా ఉండేది సూర్యోదయానికి ముందు.

అసలు నిల్వే చాలా తక్కువ. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటుంది. 30 డిగ్రీల వేడి గల లీటరు నీరు గాలి నుంచి కలుపుకుని నిలుపుకోగలిగేది సుమారు ఏడున్నర మిల్లీగ్రాములే. నీరు వేడెక్కిన కొద్దీ అదీ తగ్గుతుంది. మబ్బు పట్టిన రోజున నాచు పగలు చేసే జమ తగ్గుతుంది. గాలి ఆడని రాత్రి పైనుంచి నీటిలో కలిసేదీ తగ్గుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే చేప హాయిగా ఉంటుంది. 2కు పడిపోతే పైకి తేలి నోరు తెరుస్తుంది. పెద్ద చేపకు కావలసింది ఎక్కువ కనుక సాధారణంగా అదే ముందు చస్తుంది. మందు కలిస్తే సాధారణంగా చిన్న చేపలు, పురుగులు ముందు పోతాయి.

ఇది తుది నిరూపణ కాదు. నీరు పరీక్ష చేయిస్తేగాని కచ్చితంగా తేలదు. కాని ఒక మనిషి మీద నేరం మోపే ముందు అడగవలసిన ప్రశ్నలు ఇవి. తమ్ముడిని అనుమానించడానికి పాత తగాదా చాలింది. చెరువును అనుమానించడానికి చదువు కావాలి.

ఇక్కడే బి.ఓ.డి. కూడా నేర్చుకోండి. నీటిలోని కుళ్లే పదార్థాన్ని తినడానికి బాక్టీరియాకు కావలసిన ప్రాణవాయువును బి.ఓ.డి. అంటారు. అది నీటిలో ఉన్న ప్రాణవాయువు కాదు, నీటికి ఉన్న అప్పు. అప్పు ఎక్కువైతే నిల్వ తగ్గుతుంది. కనుక బి.ఓ.డి. ఎక్కువగా ఉన్న నీరు చెడ్డ నీరు. ఎంతోమంది దీనిని తిరగేసి రాసి మార్కులు పోగొట్టుకుంటారు.

కవలల్లా కనబడే మాటలు

రెండు జతలు విద్యార్థులను ప్రతి ఏడూ తికమక పెడతాయి.

మొదటి జత ఓజోన్ పొర తరిగిపోవడం, భూమి వేడెక్కడం. ఓజోన్ పొరకు చిల్లు పడి ఎండ ఎక్కువగా లోపలికి వచ్చి భూమి వేడెక్కుతోందని రాస్తారు. అది తప్పు. ఓజోన్ పొర పైన స్ట్రాటో ఆవరణంలో ఉండి అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాలలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లలోని క్లోరిన్ దాన్ని తినివేస్తుందని మొలీనా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు 1974లో చెప్పారు. అంటార్కిటికా మీద ఓజోన్ చిల్లు సంగతి 1985లో ప్రచురితమైంది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరి ఆ రసాయనాల తయారీని దేశాలు క్రమంగా మానుకున్నాయి. ఓజోన్ పొర నెమ్మదిగా కోలుకుంటోంది.

భూమి వేడెక్కడం వేరు సంగతి. సూర్యకాంతి వల్ల వేడెక్కిన నేల పరారుణ కిరణాల రూపంలో వేడిని పైకి పంపుతుంది. కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వంటి వాయువులు ఆ వేడిని పట్టుకుని కొంత మళ్లీ కిందికి పంపుతాయి. హవాయి దీవిలోని మౌనా లోవా కొండ మీద 1958లో కొలతలు మొదలుపెట్టినప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలలో సుమారు 315. ఇప్పుడది 420 దాటింది. మొదటి సమస్యలో పైనుంచి వచ్చే కిరణం లోపలికి చొరబడుతోంది. రెండోదానిలో కింది నుంచి వెళ్లవలసిన వేడి ఆగిపోతోంది. ఎక్కడి నుంచి, ఎక్కడికి అని అడిగితే రెండూ ఎన్నటికీ కలిసిపోవు.

రెండవ జత జైవిక వృద్ధీకరణం, నేరుగా విషం సోకడం. డి.డి.టి. వంటి మందు నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది, త్వరగా విరిగిపోదు. కనుక నాచు నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు, అక్కడి నుంచి చేపలు తినే పక్షికి పోయే కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. ఇది వృద్ధీకరణం. మన రాబందుల సంగతి చూడండి. పల్లెల్లో గొడ్డు చచ్చి ఊరి బయట పడితే గుంపులుగా దిగే రాబందులు 1990ల నుంచి కనబడడం మానేశాయి. మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా నశించాయి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందే దీనికి ప్రధాన కారణమని 2004లో ప్రచురితమైన పరిశోధనలో తేలింది. మందు వేసిన కొద్ది రోజుల్లో చచ్చిన పశువును తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి చచ్చిపోయేది. 2006లో పశువైద్యంలో ఆ మందును మన ప్రభుత్వం నిషేధించింది. రాబందుకు హాని చేయని మెలాక్సికామ్ మందును దానికి బదులుగా సూచించారు.

ఇది జైవిక వృద్ధీకరణం కాదు. ఇక్కడ మందు మెట్టు మెట్టుకూ పేరుకోలేదు. ఒకే ఒక్క భోజనంతో సోకింది. ఈ తేడా తెలిస్తే రెండు జవాబులూ సరిగ్గా రాయగలుగుతారు.

అంకెలకు భయపడవద్దు

ఈ పేపరులో లెక్కలు కొద్దిగానే వస్తాయి. పి.పి.ఎం. అంటే పది లక్షల గింజల బస్తాలో ఒక్క గింజ. 420 పి.పి.ఎం. అంటే 0.042 శాతం. నీటి విషయంలో లీటరుకు ఒక మిల్లీగ్రాము అంటే దాదాపు ఒక పి.పి.ఎం. నల్గొండ, ప్రకాశం జిల్లాల వారికి ఈ లెక్క ఇంటి లెక్కే. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు మాత్రమే అనీ భారతీయ ప్రమాణం. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు వంగిపోతాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నల్గొండ పద్ధతి అనే పేరు. మన జిల్లా పేరు దేశమంతటి పాఠ్యపుస్తకాలలో ఎందుకుందో మన పిల్లలకు తెలియకపోతే చిన్నతనం.

పి.హెచ్. విషయంలో ఒక్క మాట. 6కూ 5కూ తేడా ఒక్కటే కదా అనుకోవద్దు. ఒక్కొక్క మెట్టుకు ఆమ్లత్వం పదిరెట్లు పెరుగుతుంది.

వ్యాసం రాసే తీరు

నాలుగు భాగాలుగా రాయండి. నిర్వచనం రెండు వాక్యాలు. తర్వాత కారణాల వరుస. అన్నిటికంటె ఎక్కువ చోటు దీనికే ఇవ్వండి. మూడోది మన ప్రాంతపు ఉదాహరణ. నాలుగోది పరిష్కారం, దాని వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం.

చిత్తడి నేలల మీద ప్రశ్న వస్తే కొల్లేరు రాయండి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదను పట్టుకుని, ఉప్పుటేరు ద్వారా నెమ్మదిగా సముద్రానికి వదులుతుంది. ఆటపాకలో గూడబాతులు గూళ్లు కడతాయి. 1999లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తించారు. సరస్సులో చేపల చెరువులు, గట్లు పెరిగి వరద నీరు నిలిచే చోటు తగ్గింది. 2006లో ప్రభుత్వం ఆ గట్లను తెగ్గొట్టించింది. అప్పుడు ఆ చెరువుల మీద బతికే కుటుంబాలు ఉపాధి పోగొట్టుకున్నాయి. ఈ చివరి వాక్యం కూడా రాయండి. పక్షి ఒక్కటే పర్యావరణం కాదు, మనిషి ఒక్కడే కూడా కాదు. రెండు వైపులా చూసి రాసిన జవాబే పూర్తి జవాబు.

నాలుగు వారాల ప్రణాళిక

మొదటి వారం ఆవరణ వ్యవస్థలు, సహజ వనరులు చదవండి. మిగిలినవి వీటి మీదనే నిలబడతాయి. రెండో వారం కాలుష్యం, జీవవైవిధ్యం. మూడో వారం సామాజిక సమస్యలు, చట్టాలు, జనాభా. చట్టాలను సంఘటనలతో కలిపి చదివితే మరిచిపోరు. 1972లో స్టాక్‌హోం సభ జరిగింది. 1974లో నీటి చట్టం, 1981లో గాలి చట్టం వచ్చాయి. 1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు దుర్ఘటన జరిగింది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. రాజ్యాంగంలోని 48-ఏ, 51-ఏ(జి) అధికరణలు 1976లో 42వ సవరణతో చేరినవి. మొదటిది ప్రభుత్వం బాధ్యత, రెండోది పౌరుడి బాధ్యత. నాలుగో వారం కొత్తది ఏదీ చదవవద్దు. పాత ప్రశ్నపత్రాలు రాయండి.

చదివే తీరులో ఒకటే నియమం. పేజీ చదవగానే పుస్తకం మూసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాయండి. ఆ తర్వాత పుస్తకం తెరిచి దిద్దుకోండి. మూడు రోజుల తర్వాత మళ్లీ అదే చేయండి. పదిసార్లు చదివితే వచ్చినట్లు అనిపిస్తుంది. మూసి రాస్తే వచ్చిందో రాలేదో తెలుస్తుంది.

క్షేత్ర పరిశీలనకు ఎక్కడో అడవికి వెళ్లనక్కరలేదు. ఏడు రోజులు మీ ఇంటి చెత్తను తడి, పొడి, ప్లాస్టిక్ అని వేరుచేసి తూచి పట్టిక వేయండి. దానిని తీసుకుపోయే ట్రాక్టరు చివరకు ఎక్కడ ఆగుతుందో వెళ్లి చూడండి. ఆ చోటి పక్కన ఎవరి ఇళ్లు ఉన్నాయో రాయండి. కొన్న రికార్డులో ఆ సంగతి దొరకదు.

తల్లిదండ్రులకు ఒక మాట

మీకు చదువు రాదని, పిల్లల పుస్తకంలో వేలు పెట్టలేమని అనుకోవద్దు. జీలుగ ఎందుకు చల్లుతారో, బావిలో నీరు ఏ ఏడు నుంచి ఉప్పగా మారిందో, ఏ పిట్ట కనబడడం మానేసిందో పుస్తకం రాసినవారికంటె మీకు బాగా తెలుసు. రాత్రి భోజనాల దగ్గర పిల్లలను అడగండి, వారు అడిగితే చెప్పండి. వారి దగ్గర పేర్లు ఉన్నాయి, మీ దగ్గర సంగతులు ఉన్నాయి. రెండూ ఒక చోట చేరాలి.

మీరే ఇచ్చుకోవలసిన పరీక్ష

1. శక్తి పిరమిడ్ ఎందుకు తలకిందులు కాదు?
2. చెరువులో చేపలు మధ్యాహ్నం కాక తెల్లవారుజామునే ఎందుకు గాలికి తేలుతాయి?
3. బి.ఓ.డి. 3 ఉన్న నీరు మంచిదా, 30 ఉన్నది మంచిదా? ఎందుకు?
4. ఓజోన్ పొర పూర్తిగా కోలుకుంటే భూమి వేడెక్కడం ఆగిపోతుందా?
5. రాబందులు తగ్గిన ఊళ్లో చచ్చిన పశువు ఎక్కడికి పోతుంది? అప్పుడు ఏ జంతువుల సంఖ్య పెరగవచ్చు?

పుస్తకం మూసి రాయండి. ప్రతి జవాబులోనూ "కనుక" అనే మాట ఒక్కసారైనా రావాలి. రాకపోతే మీరు సంగతి రాశారు, కారణం రాయలేదు.

ఆ తండ్రి ఆ రోజు స్టేషనుకు వెళ్లలేదు. అబ్బాయి తమ లెక్చరరును అడిగి, కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో నేర్చుకున్న పద్ధతితో చెరువు నీటిలోని ప్రాణవాయువును మధ్యాహ్నం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి కొలిచాడు. తెల్లవారుజామున వచ్చిన అంకె మధ్యాహ్నపు అంకెలో నాలుగో వంతు కూడా లేదు. ఆ చీకట్లోనే పక్క చెరువు గట్టు మీద బాబాయి టార్చిలైటు పట్టుకుని నిలబడి ఉన్నాడట. ఆయన చేపలు కూడా పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఇద్దరూ కలిసి ఇంజను పెట్టి నీళ్లు చిమ్మారు. పోయిన చేపలు తిరిగి రాలేదు, కౌలు అప్పు అలాగే ఉంది. అన్నదమ్ములు మాత్రం మాట్లాడుకుంటున్నారు.

అబ్బాయి ఆ పేపరు మళ్లీ రాసి పాసయ్యాడు. ఎన్ని మార్కులు వచ్చాయో నేను అడగలేదు.